పాత మోటారుసైకిల్ మరమ్మతు – ఐదవ పాఠం: బండి ఎందుకు లాగడం లేదు?

నాలుగవ పాఠం చదివి, ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు విప్పినవారిలో చాలామందికి అది నల్లగానే కనిపించింది. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ వెళుతున్నట్లని నేను రాసిన ఒక్క వాక్యాన్ని పట్టుకుని, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటర్ పక్కనున్న గాలి స్క్రూను తలా ఒక దిక్కుకు తిప్పేశారు. సగం తప్పు నాదే. ఉదయం చోక్ వేసి స్టార్ట్ చేసి, నాలుగు నిమిషాలు నిలబెట్టి ఉంచిన బండిలో ప్లగ్గు ఎప్పుడు చూసినా నల్లగానే ఉంటుందని చెప్పడం మరిచాను. ప్లగ్గు చూడవలసిన పద్ధతి వేరు. ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత, ఖాళీగా ఉన్న రోడ్డుపై మూడో గేరులో ఒక కిలోమీటరు దూరం గట్టిగా లాగించి, వెనుక వాహనం లేదని చూసుకుని, ఒకేసారి క్లచ్ పట్టి, తాళం చెవితోనే ఇంజన్ ఆపి, బండిని పక్కకు చేర్చి అప్పుడు విప్పాలి. హ్యాండిల్ లాక్ వైపు తాళం తిరగకుండా చూసుకోండి. అలా విప్పినప్పుడు పాలు తక్కువైన టీ రంగు ఉంటే మంచిది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, సున్నం కొట్టినట్లుంటే తక్కువ. వేలికి జిడ్డు అంటితే అది పెట్రోలు గొడవ కాదు, పిస్టన్ రింగుల దగ్గరో వాల్వు సీళ్ల దగ్గరో ఆయిల్ పైకి వస్తోంది.

ఇక తిప్పేసిన స్క్రూ సంగతి. దాన్ని మెల్లగా, బిగించకుండా, ఆగేవరకు లోపలికి తిప్పి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు బయటకు తీసి వదిలేయండి. ఆ స్క్రూ స్లోలోనూ, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ నడిచేటప్పుడూ, యాక్సిలరేటర్ కొద్దిగా తెరిచినప్పుడూ మాత్రమే పని చేస్తుంది. పూర్తిగా తెరిచినప్పుడు బండి లాగకపోతే దానికీ ఈ స్క్రూకూ సంబంధం లేదు.

నిజానికి ఈ పాఠం ప్లగ్గుకంటే ముందు రావలసింది. బండి లాగడం లేదంటే రెండే మాటలు: ఇంజన్‌లో శక్తి పుట్టడం లేదు, లేదా పుట్టిన శక్తి చక్రానికి చేరడం లేదు. రెండవదాన్ని ఎవరూ చూడరు, ఎందుకంటే దానిలో విప్పడానికి ఏమీ ఉండదు.

మంగళగిరి నుంచి విజయవాడకు చీరల మూటలు వేసుకుని వచ్చే ఒకాయన తన పాత స్ప్లెండర్‌ను నా దగ్గరకు తెచ్చారు. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కాలంటే రెండో గేరులోకి దించవలసి వస్తోందని, బోరు చేయించి పిస్టన్ మార్చాలని వేరొకచోట చెప్పారని అన్నారు. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనుక చక్రాన్ని చేత్తో తిప్పితే అర చుట్టు కూడా తిరగకుండా ఆగిపోయింది. బ్రేకు డ్రమ్ముపై నాలుగు చుక్కల నీళ్లు చల్లితే చుయ్‌మని ఆవిరయ్యాయి. డ్రమ్మును వేలితో ముట్టి చూడమని కొందరు చెబుతారు. వేళ్లు నాకు పనికొస్తాయి కనుక నేను నీళ్లే వాడతాను. బ్రేక్ షూలను తెరిచే క్యామ్ తుప్పు పట్టి, పెడల్ వదిలినా వెనక్కి రావడం లేదు. దాన్ని శుభ్రం చేసి చిటికెడు గ్రీజు పెట్టేసరికి సగం పికప్ తిరిగివచ్చింది.

మిగిలిన సగం క్లచ్‌లో ఉంది. టాప్ గేరులో గంటకు 35 కిలోమీటర్ల వేగంతో పోతూ, ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తెరవండి. ఇంజన్ హోరు పెరిగి స్పీడోమీటర్ ముల్లు మాత్రం కదలకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నట్లే. ముందుగా క్లచ్ లీవరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వదులు ఉందో లేదో చూడండి. ఆయన బండికి ఆ వదులు సరిగానే ఉంది. ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే, బావమరిది కారుకు పోయగా మిగిలిన ఖరీదైన ఆయిల్ పోశానని గర్వంగా చెప్పారు.

ఈ ఒక్క విషయంలో నాకు ఓపిక తక్కువ, కాబట్టి వివరంగానే చెబుతాను. కారులో క్లచ్ సాధారణంగా ఇంజన్ ఆయిల్‌కు దూరంగా, పొడిగా ఉంటుంది. మన నాలుగు స్ట్రోకుల బళ్లలో ఇంజన్‌కూ, గేర్లకూ, క్లచ్‌కూ ఒకటే ఆయిల్. ప్లేట్లు అందులోనే మునిగి ఉంటాయి. పెట్రోలు ఆదా చేస్తామని చెప్పే కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. ఆ గుణం కారు ఇంజన్‌కు వరం, మన క్లచ్ ప్లేట్లకు శాపం, ఎందుకంటే ప్లేట్లు పట్టుకునేదే రాపిడితో. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన ఆ ఆయిల్ మీ బండికి మంచిదైపోదు. డబ్బాపై చిక్కదనం అంకెలు చూసి సరిపెట్టుకోవద్దు, జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎం.ఏ. లేదా ఎం.ఏ.2 అనే ముద్ర వెతకండి. అదే జాసో పేరుతో ఎం.బి. అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్లకు, మీకు కాదు. ఇప్పటికే తప్పు ఆయిల్ పోసి ఉంటే దాన్ని తీసివేసి సరైనది పోసి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మరోసారి మార్చండి. అప్పటికీ జారితే ప్లేట్లు మార్చక తప్పదు.

రెండు స్ట్రోకుల యమహా ఆర్ఎక్స్ 100 ఉన్నవారు మొదట సైలెన్సర్‌లోని గొట్టం బయటకు లాగి, పట్టిన మసి గీకండి. మూడు నాలుగు కిలోమీటర్లు బాగా పోయి, ఆ తరువాత నీరసించి, కాసేపు ఆపితే మళ్లీ కదిలే బండికి ట్యాంకు మూతలోని గాలి రంధ్రం చూడండి; ఆగిపోయినప్పుడు మూత తెరిస్తే గాలి పీల్చుకున్న చప్పుడు వినిపిస్తుంది.

అభ్యాసం: ఒక ఆదివారం వెనుక మనిషిని ఎక్కించుకుని గుంటూరు నుంచి కొండవీడు వెళ్లి, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ప్రతి మలుపు దగ్గర ఏ గేరు, ఎంత వేగం, ఎంత యాక్సిలరేటర్ అన్నది వెనుక కూర్చున్నవారి చేత రాయించండి. మరుసటి వారం బ్రేకులు, క్లచ్ వదులు, ఆయిల్, చైను సరిచేసి, కార్బొరేటర్‌ను ముట్టుకోకుండా, అదే మనిషితో అదే దారిలో మళ్లీ ఎక్కి రాయించండి. రెండు పట్టికలూ దగ్గర లేకుండా ఆరవ పాఠంలోని ట్యాపెట్ల (వాల్వుల వదులు సరిచేసే చోటు) జోలికి రావద్దు.