సొంతంగా ఆన్‌లైన్ దుకాణం – 6వ పాఠం: రిటర్న్, రీఫండ్ పాలసీ

పోయిన పాఠంలో డెలివరీ ఛార్జీ ఎంత పెట్టాలో, సరుకు ఎన్ని రోజుల్లో అందుతుందని చెప్పాలో తేల్చుకున్నాం. ఆ సరుకు వెనక్కి వస్తే ఏం చేస్తామో ఇప్పుడు రాసుకుందాం. ఉదాహరణ పాతదే: పోచంపల్లి ఇక్కత్ చీరలను సొంత వెబ్‌సైట్‌లో అమ్మే చిన్న దుకాణం.

పేమెంట్ గేట్‌వే (సైట్‌లో ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సేవ) వాళ్లు అడుగుతారు కదా అని చాలామంది వేరే సైట్‌లోని పాలసీని కాపీ కొట్టి పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చెప్పులమ్మే వాళ్ల షరతులు చీరలకు సరిపోవు. రేపు గొడవొస్తే అందులో ఉన్న ప్రతి మాటకూ జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోవడం కుదరదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువులో లోపం ఉన్నా, అది నకిలీదైనా, సైట్‌లో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనని అనకూడదు. ప్రకృతి వైపరీత్యాల్లాంటి కారణం లేకుండా గడువు దాటి అందినా అంతే. లోపమున్న సరుకు డబ్బు బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు తిరిగి ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చూస్తుంది. కొన్నాక రంగు నచ్చలేదనో, మనసు మారిందనో అంటే మాత్రం తీసుకోవాలా వద్దా అన్నది మీరు నిర్ణయించుకోవచ్చు. అందుకే పాలసీలో ఈ రెండింటినీ కలపకండి, విడివిడిగా రాయండి.

చేనేతలో ఎక్కువ పేచీలు "లోపం" అంటే ఏమిటన్న దగ్గరే వస్తాయి. ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ అంచులు కాస్త పాకినట్టు ఉంటాయి. అది నేత స్వభావం. చిరుగు, మరక, తెగిన పోగు, ఒక అంచు బదులు ఇంకో అంచు రావడం లోపాలు. ఈ తేడాను పాలసీలో ఎక్కడో అడుగున కాకుండా చీర ఫొటో పక్కనే రాయండి, కొనేవాళ్లు డబ్బు కట్టకముందే చూస్తారు.

ఇంకో చిక్కు ఫాల్, పీకో. పార్శిల్ విప్పగానే చీరను టైలర్‌కి ఇచ్చేసి, కుట్టించాక చిరుగు చూసుకునేవాళ్లుంటారు. అందుకే ఇలా రాయండి:

"చీర అందగానే పూర్తిగా విప్పి చూడండి. లోపముంటే ఫాల్ కుట్టించకముందే, అందిన 7 రోజుల్లోపు ఫొటోతో మాకు వాట్సాప్ చేయండి. రానూపోనూ కొరియర్ ఖర్చు మాదే. నచ్చక తిప్పి పంపాలనుకుంటే 3 రోజుల్లోపు చెప్పండి. చీర కట్టకుండా, ఉతక్కుండా, ట్యాగ్ తీయకుండా ఉండాలి. పంపే ఖర్చు మీది."

"అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే రిటర్న్ లేదు" అన్న షరతు నాకు అస్సలు నచ్చదు. వీడియో ఉంటే మంచిదని చెప్పండి చాలు. వీడియో తీయలేదని లోపమున్న చీరను వాళ్ల నెత్తిన రుద్దడం అన్యాయం, చట్టం ముందూ నిలవదు.

డబ్బు సంగతి సూటిగా చెప్పండి. "చీర మాకు చేరాక 2 రోజుల్లో డబ్బు వెనక్కి పంపుతాం" అని రాసి, బ్యాంకులో కనిపించడానికి మరికొన్ని పనిదినాలు పట్టొచ్చని కలపండి. లేకపోతే రోజూ ఫోన్లు, ఇద్దరికీ టెన్షన్. క్యాష్ ఆన్ డెలివరీలో కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి పంపడానికి యూపీఐ ఐడీ తీసుకుంటాం, ఓటీపీ గానీ పిన్ గానీ ఎప్పుడూ అడగం అని తప్పక రాయండి. రీఫండ్ పేరుతో మోసాలు అక్కడే జరుగుతాయి. డబ్బు బదులు స్టోర్ క్రెడిట్ (మీ దుకాణంలోనే మళ్లీ కొనుక్కోవడానికి వాడుకునే మొత్తం) ఇవ్వచ్చు గానీ, లోపమున్న సరుకు విషయంలో దాన్ని బలవంతం చేయకండి.

చివర్న ఫిర్యాదులు చూసే మనిషి పేరు, ఫోన్, ఈమెయిల్ పెట్టండి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఇదీ పైన చెప్పిన ఈ-కామర్స్ నిబంధనల్లోనిదే.

ఈ వారం అభ్యాసం: మీ సరుకులో ఎక్కువగా వచ్చే మూడు లోపాలు, లోపాలు కాని మూడు లక్షణాలు రాసుకుని, పైన ఇచ్చిన పేరాను వాటికి తగ్గట్టు మార్చండి. దాన్ని ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లైన్‌లో కొనని పెద్దవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ ఆపి "అంటే?" అని అడుగుతారో ఆ వాక్యం తిరగరాయండి. వచ్చే పాఠంలో తిరిగొచ్చిన సరుకుకు జీఎస్టీ క్రెడిట్ నోట్ ఎలా రాయాలో చూద్దాం.