మిర్చి డబ్బు చేతికొచ్చాక ఎఫ్‌డీ వేసే పద్ధతి

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) అమ్మిన డబ్బు చాలామందికి ఒక్కసారిగా ఖాతాలో పడుతుంది. సేవింగ్స్‌లోనే వదిలేస్తే వచ్చే వడ్డీ నామమాత్రం. అలాగని అంతా కలిపి ఒకే బాండుగా, అంటే ఒకే ఎఫ్‌డీగా, ఏడాదికి వేస్తే, కౌలు కట్టే రోజున దాన్ని మధ్యలో తీయాల్సి వస్తుంది. ఎఫ్‌డీలో డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా అక్కడే. పావు శాతం ఎక్కువిచ్చే బ్యాంకు కోసం అరండల్‌పేట నుంచి బ్రాడీపేట దాకా తిరిగినవాళ్లు కూడా ఈ సంగతి చూసుకోరు.

ముందు రేటు మన లెక్కలోకి మార్చుకోండి. మనం నూటికి నెలకు ఎంత అని అడుగుతాం, బ్యాంకు ఏడాదికి శాతంలో చెబుతుంది. 6 శాతమంటే అర్ధరూపాయి వడ్డీ, 7 శాతమంటే దాదాపు 58 పైసలు. బయట తిరిగే రెండు రూపాయల వడ్డీ 24 శాతం అవుతుంది. ఆ ఆశతో నోటు రాయించుకుని అప్పిచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. డిమాండ్ నోటైతే రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు చెల్లు (కొంత బాకీ కట్టినట్టు నోటు మీద సంతకంతో రాత) రాయించుకోవాలి, లేదా కోర్టులో దావా వేయాలి. గడువు దాటితే ఆ కాగితం మీద వసూలు చేసుకోలేరు.

ఇప్పుడు డబ్బు పంచుకోవడం. ఏప్రిల్‌లో 10 లక్షలు వచ్చాయనుకుందాం. జూన్‌లో కౌలు, జులైలో విత్తనం, ఆగస్టు నుంచి ఎరువులు, మందులు, జనవరి నుంచి కోత కూలి. ఈ ఖర్చుల తేదీలే మీ బాండ్ల తేదీలు కావాలి. కౌలు డబ్బు సేవింగ్స్‌లోనే ఉంచండి, రెండు నెలలకు బాండు వేసినా పెద్దగా కలిసొచ్చేది లేదు. విత్తనానికి, మందులకు కావాల్సింది మూణ్ణెల్లకు, నాలుగు నెలలకు వేయండి. కూలి డబ్బు తొమ్మిది నెలలకు. మిగిలింది ఏడాదికీ ఆపైకీ వేయొచ్చు, కానీ దాన్ని కూడా లక్ష చొప్పున విడగొట్టండి. బాండ్లు ఎక్కువైతే బ్యాంకువాళ్లు కొంచెం విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. 5 లక్షలు ఒకే బాండుగా ఏడాదికి 7 శాతానికి వేశారు, ఐదో నెలలో లక్ష అవసరపడింది అనుకోండి. మధ్యలో తీస్తే ఒప్పుకున్న 7 శాతం రాదు. డబ్బు ఉన్న ఐదు నెలల కాలానికి వేసిన రోజున ఏ రేటు ఉందో అదే లెక్క, అందులోంచి చాలా బ్యాంకులు అర శాతం నుంచి ఒక శాతం దాకా కోస్తాయి. ఆ రేటు 5.5 అయితే, ఒక శాతం పోగా మిగిలేది 4.5. ఐదు నెలలకు 14,583 రావాల్సిన చోట 9,375 వస్తుంది. లక్ష కోసం 5,200 పోయినట్టు. అదే ఐదు బాండ్లుంటే ఒక్కటే తీసి సుమారు 1,040తో బయటపడొచ్చు.

మెచ్యూరిటీకి రెండు మూడు నెలలే ఉంటే ఆ ఒక్క బాండు కూడా తీయకండి. దాని మీదే లోన్ అడగండి. సాధారణంగా బాండు విలువలో 90 శాతం దాకా ఇస్తారు, మీకు వచ్చే వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ వేస్తారు. లక్షకు 8 శాతం చొప్పున రెండు నెలలకు కట్టేది 1,333. బాండు మీద ఆ రెండు నెలలూ 7 శాతం నడుస్తూనే ఉంటుంది కాబట్టి అసలు ఖర్చు 170 లోపే. లోన్ తీరాక బాండు మీద లీన్ (అప్పు కోసం బ్యాంకు పెట్టుకున్న పట్టు) తీసేశారో లేదో అడగండి. అది అలాగే ఉండిపోతే మెచ్యూరిటీ రోజున డబ్బు ఖాతాలోకి రాదు.

బాండు చేతికిచ్చాక కౌంటర్ దగ్గర నుంచి కదలకుండా చదవండి. పేరు, ఇంటిపేరు పాన్ కార్డులో ఉన్నట్టే ఉండాలి. మెచ్యూరిటీ తేదీ, ఆ రోజు చేతికొచ్చే మొత్తం చూడండి. బ్యాంకులు మూణ్ణెల్లకోసారి వడ్డీని అసలులో కలుపుతాయి, అందుకే లక్షకు 7 శాతం చొప్పున ఏడాదికి 1,07,186 రావాలి. 1,07,000 అని ఉంటే వడ్డీ అసలులో కలవకుండా విడిగా చెల్లించే రకం వేశారేమో అడగండి. నెలనెలా వడ్డీ తీసుకునే రకంలో 583 అనుకున్నచోట 580 పడుతుంది. అది పొరపాటు కాదు, ముందే ఇస్తున్నందుకు తగ్గిస్తారు. రోజుల సంఖ్య కూడా ముఖ్యమే. 444 రోజులంటూ ప్రత్యేక రేట్లు పెట్టినప్పుడు ఒక్కరోజు తేడా వచ్చినా ఆ రేటు వర్తించదు.

భార్యాభర్తలు కలిసి వేస్తే 'ఐదర్ ఆర్ సర్వైవర్' (ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికున్నవారు) అని రాయించడం దగ్గరే ఆగకండి. ఒకరు పోతే రెండోవారు గడువుకు ముందే తీసుకోవచ్చన్న అనుమతి కూడా వేసేటప్పుడే ఇద్దరి సంతకాలతో ఇవ్వాలి. లేకపోతే వారసులందరి సమ్మతి తెమ్మంటారు. నామినీలను 2025 నవంబర్ 1 నుంచి నలుగురి దాకా పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో రాయొచ్చు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, వారసుల హక్కు అలాగే ఉంటుంది.

కౌంటర్ దగ్గరే ఇంకో మోసం పొంచి ఉంటుంది. "ఎఫ్‌డీ కన్నా మంచిది, ఐదేళ్లు కడితే చాలు" అంటూ ఫారం ముందుకు జరిపితే అందులో ప్రీమియం, పాలసీ అన్న మాటలున్నాయేమో చూడండి. ఉంటే అది బీమా. పొరపాటున సంతకం పెట్టినా, పాలసీ అందిన 30 రోజుల్లోపు వెనక్కిచ్చేస్తే కొద్దిపాటి కోతలతో డబ్బు తిరిగొస్తుంది.

పన్ను దగ్గర రైతులు ఎక్కువగా పొరబడేది ఇక్కడ: మిర్చి అమ్మిన డబ్బుకు ఆదాయపు పన్ను లేదు, దాని మీద వచ్చిన బ్యాంకు వడ్డీకి ఉంది. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితే, అరవై నిండినవారికైతే లక్ష దాటితే, 10 శాతం టీడీఎస్ (వడ్డీలోంచి ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. ఒకే బ్యాంకుకు గుంటూరులో ఒక బాండు, తెనాలిలో ఒక బాండు ఉన్నా రెండూ కలిపే లెక్కేస్తారు. పన్ను పడేంత ఆదాయం లేనివారు ఈ కోత పడకుండా 15జి, 15హెచ్ అని అలవాటైన ప్రకటన పత్రాన్ని ఏటా ఏప్రిల్‌లోనే ఇవ్వాలి. నిరుడు ఇచ్చింది ఈ ఏటికి పనికిరాదు.

బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షల దాకా ఇస్తుంది, అసలు, వడ్డీ కలిపి. అందుకే చిన్న బ్యాంకుల్లో నాలుగున్నర లక్షలు దాటనీయకండి. ఈ బీమా సహకార బ్యాంకులకు ఉంది, ఊళ్లోని ప్రాథమిక సహకార సంఘానికి లేదు. సొసైటీలో వేసేవాళ్లు ఆ తేడా తెలిసి వేయాలి. నెలనెలా కట్టించుకునే ప్రైవేటు కంపెనీల సంగతి అగ్రిగోల్డ్ తర్వాత బెజవాడ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

బాండు వేసే రోజే మెచ్యూరిటీకి ఏం చేయాలో రాసివ్వండి: ఖాతాలో వేయాలా, మళ్లీ అంత కాలానికే తిప్పాలా. ఏదీ రాయకుండా గడువు దాటి ఉండిపోతే సేవింగ్స్ రేటు, పాత ఎఫ్‌డీ రేటు, రెండింట్లో ఏది తక్కువైతే అదే వేస్తారు. పదేళ్లు ఎవరూ అడగకపోతే ఆ డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది. అయినా పోయినట్టు కాదు. పెద్దవాళ్ల పాత బాండ్ల గురించి అనుమానముంటే రిజర్వ్ బ్యాంకు నడిపే ఉద్గమ్ పోర్టల్‌లో పేరు, పాన్ లేదా పుట్టిన తేదీ కొట్టి వెతకండి. దొరికితే ఆ బ్యాంకు శాఖకే గుర్తింపు కార్డు, మరణ ధృవపత్రం, వారసుల పత్రాలు పట్టుకెళ్లి క్లెయిమ్ పెట్టాలి.