రక్తదాతల గ్రూపులో వాలంటీర్లను నిలుపుకోవడం ఎలా?

తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు రాయలసీమ జిల్లాల నుంచి రోగులు వస్తుంటారు. వెంట వచ్చినవారికి ఊళ్లో తెలిసిన మనిషి ఉండడు. ‘బి నెగెటివ్ రెండు యూనిట్లు కావాలి’ అని చెప్పగానే వారికి కాళ్లూ చేతులూ ఆడవు. అప్పుడు వాట్సాప్‌లోని రక్తదాతల గ్రూపులే దిక్కు. అలాంటి గ్రూపు ఒకటి నడుపుతున్నాను. వందల మందిని చేర్చడం తేలిక. అర్ధరాత్రి ఫోన్ ఎత్తే నలుగురిని నిలుపుకోవడమే కష్టం. డబ్బుకు రక్తం ఇవ్వడం మన దేశంలో 1998 నుంచి నిషేధం. కాబట్టి మన చేతిలో ఉన్నవి గుర్తింపు, బాధ్యత.

1. కనిపించని పనిని ముందు చూడండి

రక్తం ఇచ్చినవారి ఫొటో అందరూ పెడతారు. అంతకుముందు ఒకరు రోగి ఏ వార్డులో ఉన్నారో, డాక్టరు రాసిచ్చిన కాగితం ఉందో లేదో కనుక్కుని ఉంటారు. మరొకరు దాతలకు వరుసగా ఫోన్ చేసి ఉంటారు. ఇంకొకరు ‘రక్తం దొరికింది, ఇక ఎవరూ బయలుదేరవద్దు’ అని రాసి ఉంటారు. ఆ ఒక్క ముక్క రాయకపోతే చంద్రగిరి నుంచి ఒక దాత పని మానుకుని వచ్చి ఊరికే వెనుదిరుగుతాడు. మళ్లీ పిలిస్తే రాడు. ఈ ముగ్గురి పేర్లూ గ్రూపులో వినిపించాలి.

2. మెచ్చుకోలు వెంటనే, వివరంగా ఉండాలి

‘అందరికీ ధన్యవాదాలు’ అంటే ఎవరికీ తగలదు. ఇలా రాయండి: “అక్కా, రాత్రి పదకొండున్నర దాకా మీరు పద్నాలుగు మందికి ఫోన్ చేశారు. పదిహేనో ఆయన దొరికారు. తెల్లవారేసరికి ఆ పాపకు రక్తం ఎక్కించారు.” రోగి పేరు, వివరాలు మాత్రం రాయకండి.

2012లో ప్రచురితమైన ఒక ప్రయోగం ఉంది. ఆంగ్ల వికీపీడియాలో బాగా పనిచేసే కొందరిని చీటీ తీసినట్లు ఎంచి, వారికి తోటి సభ్యుల మెప్పుగా పతకం బొమ్మ ఒకటి పంపారు. అది అందనివారి కంటే వీరు ఆ తర్వాత 60 శాతం ఎక్కువగా పనిచేశారు. పైసా విలువ లేని బొమ్మ అది. తమ పనిని ఒకరు చూశారన్న తృప్తికి అంత బలం ఉంది.

3. లెక్కల పోటీ పెట్టకండి

ఈ తప్పు మేం చేశాం. ఎక్కువసార్లు రక్తం ఇచ్చినవారి పట్టిక ప్రతి నెలా పెట్టేవాళ్లం. ఒక కుర్రాడు పైవరుసలోకి రావాలని గడువు నిండకముందే బ్లడ్ బ్యాంకుకు వెళ్లాడు. ఒకసారి ఇచ్చాక పురుషులు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలి. అక్కడివారు తేదీ చూసి వెనక్కి పంపబట్టి సరిపోయింది. పైగా హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు లేక రక్తం ఇవ్వలేని మహిళలు ఎంత చాకిరీ చేసినా ఆ పట్టికకు ఎక్కరు. ఆ రోజే దాన్ని తీసేశాం.

4. హోదాతో పాటు అధికారమూ ఇవ్వండి

కొండమీద 2000లో మొదలైన శ్రీవారి సేవను గమనించండి. స్కార్ఫ్ వేసుకున్న సేవకురాలు కనిపిస్తే భక్తులు నేరుగా ఆమెనే అడుగుతారు. ఆమెకు అప్పగించిన చోటు ఉంటుంది, సేవకు ఇన్ని రోజులని గడువూ ఉంటుంది.

గ్రూపులోనూ అంతే చేయండి. ‘పరిశీలన బాధ్యులు’, ‘ఫోన్ బాధ్యులు’, ‘జాబితా బాధ్యులు’ అని మూడు హోదాలు చాలు. ఎవరి పని ఏమిటో రెండు వాక్యాల్లో రాసి, మూడు నెలల గడువు పెట్టి, గ్రూపులో ప్రకటించండి. పరిశీలన బాధ్యులకు అడ్మిన్ హక్కు తప్పనిసరి. అబద్ధపు అభ్యర్థన వస్తే మిమ్మల్ని అడగకుండానే వారు తొలగించగలగాలి. మీకు నచ్చకపోయినా ఆ నిర్ణయాన్ని గ్రూపులో కొట్టేయకండి. ఏమైనా ఉంటే విడిగా ఫోన్ చేసి మాట్లాడండి.

5. దిగిపోయేవారిని గౌరవంగా పంపండి

గడువు ముగిసే వారం ముందు, ‘అన్నా, ఇంకో మూడు నెలలు ఉంటారా, విశ్రాంతి తీసుకుంటారా?’ అని అడగండి. పరీక్షలో, ఇంట్లో పెళ్లో ఉంటే ఒత్తిడి చేయకండి. వారు చేసిన పనిని అక్టోబరు 1న, జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం నాడు, వారి అనుమతితో అందరికీ చెప్పండి. కొత్తగా వచ్చినవారిని మొదటి వారం పాత బాధ్యుల పక్కనే ఉంచండి. ఏ దాతకు రాత్రిపూట ఫోన్ చేయకూడదో, ఎవరిని ఎన్నిసార్లయినా పిలవవచ్చో వారికే తెలుసు.