ఆవిరి ఇంజన్ల లెక్కలు, 3వ పాఠం: ఇంజన్ లాగుడు బలం ఎంత?

చక్రాల లెక్క పోయినసారి చూశాం. 2-8-8-4 అంటే ముందు రెండు చిన్న చక్రాలు, ఎనిమిదేసి డ్రైవింగ్ చక్రాలతో (ఇంజన్ బలంతో తిరిగేవి) రెండు జట్లు, వెనక నాలుగు. ఇవాళ అలాంటి ఇంజన్ లాగుడు బలాన్ని, అంటే ట్రాక్టివ్ ఎఫర్ట్‌ని, మనమే లెక్క కడదాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

ఉదాహరణకి అమెరికాలో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్‌రోడ్ వాళ్ల ఈఎమ్-1. నిజానికి వాళ్లు అడిగింది డీజిల్ ఇంజన్లు. యుద్ధకాలం కాబట్టి ఎవరికి ఏ ఇంజన్ అన్నది అక్కడి ప్రభుత్వ వార్ ప్రొడక్షన్ బోర్డు చేతిలో ఉండేది. దాంతో ఆవిరితోనే సర్దుకున్నారు. బాల్డ్విన్ కంపెనీ 1944-45లో 30 ఇంజన్లు తయారుచేసి ఇచ్చింది. ఆఖరికి అన్నీ తుక్కుకే పోయాయి. చూద్దామన్నా ఒక్కటి లేదు.

మనకు కావలసినవి: బాయిలర్ పీడనం చదరపు అంగుళానికి 235 పౌండ్లు, సిలిండర్ వ్యాసం 24 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ ఒక చివర నుంచి రెండో చివరకి కదిలే దూరం) 32, డ్రైవింగ్ చక్రం వ్యాసం 64.

ముందు 24ని 24తోనే గుణించండి: 576. కొత్తవాళ్లు వర్గం మర్చిపోయేది ఇక్కడే. దాన్ని 32తో గుణించి 64తో భాగిస్తే 288. ఇప్పుడు 235లో 85 శాతం తీయండి: 199.75. బాయిలర్‌లో ఉన్న పీడనమంతా పిస్టన్ దాకా రాదు, పైపుల్లో వాల్వుల్లో కొంత పోతుంది, అందుకే ఆ కోత. 288ని 199.75తో గుణిస్తే 57,528 పౌండ్లు.

ఇది ఒక జట్టు, అంటే రెండు సిలిండర్ల బలం. ఈఎమ్-1కి రెండు జట్లు కనక 1,15,056. కంపెనీ కాగితాల్లో 1,15,000 అని రాసుకున్నారు, మన లెక్క సరిపోయినట్టే.

ఒక్క జాగ్రత్త. వెనక జట్టు వాడేసిన ఆవిరే ముందు జట్టుకి వెళ్లే కాంపౌండ్ ఇంజన్లకి ఇలా రెట్టింపు చేయకూడదు. ఫోటోలో వాటిని గుర్తుపట్టడం తేలికే: ముందు సిలిండర్లు గాబుల్లా లావుగా ఉంటాయి. ఈఎమ్-1లో నాలుగూ ఒకే సైజు.

బలం ఉంటే సరా, పట్టాల మీద పట్టు దొరకాలి. డ్రైవింగ్ చక్రాల మీద పడే బరువు 4,85,000 పౌండ్లు. దాన్ని లాగుడు బలంతో భాగిస్తే 4.2. ఇది 4 కంటే బాగా తగ్గితే బండి కదిలించేటప్పుడు చక్రాలు ఊరికే జారి తిరుగుతాయి, డ్రైవర్‌కి టెన్షన్.

ఇక మీ వంతు. యూనియన్ పసిఫిక్ రైల్‌రోడ్ వాళ్ల బిగ్ బాయ్ ఇంజన్, దీనికీ రెండు జట్లే: పీడనం 300, వ్యాసం 23.75, స్ట్రోక్ 32, చక్రం 68. సుమారు 1,35,375 రావాలి. సగమే వచ్చిందంటే రెండో జట్టుని వదిలేశారన్నమాట.