అందరూ ఇంట్లోనే ఉన్నప్పుడు మన మనసు కాపాడుకోడం ఎట్టా

2020 మార్చిలో రాష్ట్రంలో మొదటి కరోనా కేసు మా నెల్లూర్లోనే, ఆ నెల 25 నించి లాక్‌డౌన్, ఇంక ఆయన ల్యాప్‌టాప్, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, అత్తమ్మ బీపీ మాత్రలు, పనమ్మాయి రాదు, పొద్దున్నించి రాత్రిదాకా పొయ్యి ఆరింది లేదు. మళ్ళీ అట్టాంటి రోజులొస్తే ఇట్టా చేయండక్కా.

ముందు ఒక్కరోజు మీరు చేసే పనులన్నీ క్యాలెండర్ కాగితం వెనక రాయండి, నాలుగోసారి టీ, మూడోసారి గిన్నెలు, ఏదీ వదలబాకండి. నేను రాస్తే 31 వచ్చినాయి, మా ఆయన ఆ కాగితం పట్టుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు, మర్నాటి నించి రాత్రి గిన్నెలు ఆయనే తోమాడు. గొడవపడితే పని జరగదు, కాగితం ముందు పెట్టి ఇందులో మీదేది అని అడగండి చాలు.

మధ్యాన్నం అరగంట మేడ మీదకి పోండి, అమ్మతో మాట్లాడుకోండి, ఆ టైంలో వార్తలు మాత్రం చూడబాకండి.

రెండు వారాలైనా నిద్ర పట్టక, ఊరికే ఏడుపొస్తా, దేనిమీదా ఇష్టం లేకపోతే అది బద్ధకం కాదు తల్లీ, ఇప్పుడు టెలీమానస్ అని, మనసు బాగలేనప్పుడు మాట్లాడే గవర్నమెంటు ఫోన్ లైను 14416 ఉంది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో కొడతా ఉంటే ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.