కుక్కపిల్లను తెచ్చుకునే ముందు దాని తల్లిదండ్రుల వరస అడగండి

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల వంటి ఊళ్లలో మంచి మగ ల్యాబ్రడార్ ఒక్కటి ఉన్నదంటే చుట్టుపక్కల ఆడకుక్కలన్నిటినీ క్రాసింగ్‌కు దాని దగ్గరికే తీసుకుపోతారు. ఫీజుకు బదులు ఒక పిల్లను తీసుకోవడం కూడా మామూలే. రెండేళ్లు తిరిగేసరికి ఊళ్లో ఉన్న ల్యాబ్రడార్లలో సగం ఒకదానికొకటి అన్నాచెల్లెళ్లవుతాయి, ఆ సంగతి తెలియకుండానే వాటిని మళ్లీ జత కలుపుతారు. ఇందులో ఎవరికీ దురుద్దేశం ఉండదు. అయినా దాని ఫలితాన్ని పిల్లను ఇంటికి తెచ్చుకున్నవారు పదేళ్లపాటు మోయవలసి వస్తుంది కనుక, ధర కంటే ముందు అడగవలసింది తల్లిదండ్రుల మధ్య ఉన్న వరస.

మనకు మేనరికం తెలుసు కాబట్టి ఈ లెక్క త్వరగానే అర్థమవుతుంది. పిల్లకు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చే ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడివి అయ్యే అవకాశాన్ని రక్తసంబంధపు పాలు అందాం. మేనబావ మరదళ్ల సంతానంలో ఇది 6.25 శాతం, మేనమామ మేనకోడళ్ల సంతానంలో 12.5 శాతం. తండ్రి ఒక్కడై తల్లులు వేరైన కుక్కలను కలిపితే పుట్టే పిల్లలకు కూడా 12.5 శాతమే. ఒకే ఈతలోని అన్నాచెల్లెళ్లను గానీ, తల్లినీ కొడుకునూ గానీ కలిపితే అది 25 శాతానికి చేరుతుంది. ఈ కొలతను 1922లో అమెరికా జన్యుశాస్త్రవేత్త సీవల్ రైట్ రూపొందించారు, దీనిని మీరే వేసుకోవచ్చు. కాగితం మీద తండ్రి కుక్క పేరు, తల్లి కుక్క పేరు రాసి, ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకుడైన కుక్క మీదుగా ఒక గీత కలపండి. తల్లి, తండ్రితో సహా ఆ గీత మీద ఎన్ని కుక్కలు ఉన్నాయో ఒకటిని అన్నిసార్లు సగం చేయండి. అన్నాచెల్లెళ్ల విషయంలో తాత మీదుగా మూడు కుక్కలు వస్తాయి కనుక 12.5 శాతం, అమ్మమ్మ మీదుగా మరో 12.5 శాతం, రెండూ కలిపి 25 శాతం.

ఈ అంకె ఎందుకు ముఖ్యమో చెప్పాలి. చాలా జన్యులోపాలు ఒక్క ప్రతిలోనే ఉన్నప్పుడు బయటపడవు, తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న రెండు ప్రతులూ కలిస్తేనే జబ్బుగా మారుతాయి. ల్యాబ్రడార్లలో మెల్లగా చూపు పోగొట్టే రెటీనా జబ్బు అలాంటిదే. లోపాన్ని మోస్తున్న రెండు కుక్కలు జతకడితే ప్రతి పిల్లకూ ఆ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. సంబంధం లేని రెండు కుక్కలు ఒకే లోపాన్ని మోయడం అరుదు, కానీ ఒకే తాత నుంచి వచ్చిన రెండింటిలో అది అరుదు కాదు. దగ్గరి సంబంధాల ఈతలలో పిల్లలు తక్కువగా పుట్టడం, పుట్టినవాటిలో కొన్ని చనిపోవడం, రోగనిరోధక శక్తి సన్నగిల్లడం కూడా ఉంటాయి.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. 25 శాతమైతే పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా వదిలివేయండి. కుక్కల వంశాలను నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 2009 నుంచి అటువంటి ఈతలను నమోదు చేయడం లేదు. 12.5 శాతమైతే తల్లిదండ్రులిద్దరికీ పరీక్షలు చేయించినట్టు కాగితాలు చూపితేనే ఆలోచించండి. 6.25 శాతమైతే మిగతా విషయాలన్నీ బాగుంటే తీసుకోవచ్చు. అమ్మేవారు ‘లైన్ బ్రీడింగ్’ (ఒకే వంశపు కుక్కలను జత కలపడం) అని మర్యాదగా అంటే, ఆ మాట వెనుక ఉన్న వరస ఏమిటో అడగండి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పేపర్లు ఉన్నాయంటే సంతోషమే, కానీ ఆ పేపర్లు వంశాన్ని చెబుతాయి తప్ప ఆరోగ్యాన్ని కాదు. మూడు తరాలే కనిపిస్తే నాలుగో తరంలోని సంబంధం లెక్కలోకి రాదని గుర్తుంచుకోండి.

పిల్లను చూడటానికి వెళ్లినప్పుడు ఈతలో ఎన్ని పుట్టాయి, ఎన్ని బతికాయి, తాతలు ఏ వయసు దాకా బాగున్నారు అని అడగండి. తల్లిని తప్పక చూడండి. పిల్లను చేతుల్లోకి తీసుకుని పెదవి ఎత్తి పై, కింది పళ్లు సరిగ్గా కలుస్తున్నాయో చూడండి, బొడ్డు దగ్గర మెత్తని ఉబ్బు ఉన్నదో వేలితో నొక్కి చూడండి, వెనుక నిలబడి తాళాల గుత్తి ఆడించి చెవులు కదులుతాయో లేదో గమనించండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి, కనుక అంతకంటే చిన్నదాన్ని తీసుకోవద్దు.

ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. మా ఇంటికి వచ్చిన పిల్ల తల్లిదండ్రులు ఒకే ఈతవని మాకు ఆలస్యంగా తెలిసింది. ఎనిమిదో నెలలో అది షాబాద్ బండల మీద పడుకుని లేవబోతే వెనుక కాళ్లు రెండూ పక్కకు జారేవి, ముందు కాళ్లతో శరీరాన్ని లాక్కుని లేచి, ఏమీ కానట్టు తోక ఊపేది. ఎక్స్‌రేలో తుంటి గిన్నెలు లోతు లేకుండా కనిపించాయి. తుంటి జబ్బుకు అనేక జన్యువులతోపాటు తిండి, బరువు కూడా కారణమే కాబట్టి నేరమంతా వరసదే అనను. కానీ ముందే అడిగి ఉంటే ఆ తాత కుక్క కూడా కుంటేదన్న సంగతి మాకు తెలిసేది.

అటువంటి పిల్ల ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే బెంగపడకండి, దానికి జబ్బు తప్పక వస్తుందని లేదు. మొదటి వారంలోనే దగ్గరి పశువుల దవాఖానలో గుండె చప్పుడు, కళ్లు, మగదైతే వృషణాలు దిగాయో లేదో చూపించండి. లోతైన పరీక్ష కావలసి వస్తే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల మనకు అందుబాటులోనే ఉంది. నున్నటి నేల మీద గోనెపట్టా పరచండి, లావెక్కనీయకండి, ఏడాది నిండేదాకా మెట్లమీద దూకనీయకండి. టీకాలు వరుస తప్పకుండా వేయించండి.

దాన్ని ఈనించాలన్న ఆలోచన మాత్రం మానుకోవడం మేలు. సంబంధం లేని కుక్కతో కలిపితే పిల్లల్లో రక్తసంబంధపు పాలు సున్నాకు వస్తుంది, ఇది నిజమే. అయినా దాచుకున్న లోపం పిల్లలకు చేరుతూనే ఉంటుంది కనుక పశువైద్యుడు చెప్పిన వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఇంట్లో తల్లీ కొడుకులు కలిసి ఉంటే ఇది మరీ అవసరం, ఆరేడు నెలలకే మగపిల్ల జతకట్టగలదు. టీకాల కార్డు వెనుక తల్లి, తండ్రి, తాతల పేర్లు, అవి ఉన్న ఊళ్లు రాసి పెట్టండి, పిల్ల ఎప్పుడైనా మరొకరి ఇంటికి చేరితే ఆ కార్డును కూడా వారి చేతికి ఇవ్వండి.