ప్రింటర్ మొండికేస్తే టెర్మినల్ తెరవండి

మా జిరాక్స్ షాపు కంప్యూటర్లలో ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) వాడతాం. హాల్‌టికెట్ల సీజన్‌లో యూఎస్‌బీ ప్రింటర్ ఆగిందంటే జనం రోడ్డు మీదికొస్తారు. అలాంటప్పుడు డ్రైవర్ తీసేసి మళ్లీ వేయడం శుద్ధ దండగ.

ముందు టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే విండోలో, 'ఎల్‌ఎస్‌యూఎస్‌బీ' కొట్టండి. కంప్యూటర్‌కు తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా వస్తుంది. జాబితాలో ప్రింటర్ కంపెనీ పేరు లేకపోతే సాఫ్ట్‌వేర్ జోలికే పోవద్దు. 'సుడో డీఎంఈఎస్‌జీ -డబ్ల్యూ' (సిస్టమ్ సందేశాలను ఎప్పటికప్పుడు చూపే కమాండ్; 'సుడో' అంటే అడ్మిన్ హక్కుతో) నడుస్తుండగా కేబుల్ పీకి మళ్లీ పెట్టండి. కొత్త డివైస్ దొరికిందన్న లైను రావాలి. దాని బదులు 'డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ -71' అని పదేపదే వస్తుంటే నేను మొదట అనుమానించేది కేబుల్‌నే. మధ్యలో యూఎస్‌బీ హబ్ ఉంటే అదీ తీసేసి నేరుగా సీపీయూ వెనక పోర్టుకు పెట్టండి.

పేరు కనిపిస్తున్నా కాగితం కదలట్లేదా? 'ఎల్‌పీస్టాట్ -పీ' కొట్టి ప్రింటర్ స్థితి చూడండి. మా దగ్గర ఎక్కువసార్లు తేలేది ఇక్కడే. ప్రింట్ మధ్యలో ప్రింటర్‌కు కరెంటు పోతే కప్స్ (ఉబుంటులో ప్రింటింగ్ పనులు చూసే సాఫ్ట్‌వేర్) ఆ ప్రింటర్‌ను 'డిసేబుల్డ్' అని పక్కన పెట్టేయొచ్చు. అలా పెట్టేస్తే కరెంటొచ్చినా దానంతటది లేవదు. 'క్యాన్సిల్ -ఏ' పక్కనే ప్రింటర్ పేరు కూడా ఇచ్చి కొడితే ఆ ప్రింటర్ క్యూలోని పనులన్నీ పోతాయి (కస్టమర్ల ఫైళ్లు క్యూలో ఉంటే ముందు చూసుకోండి). తర్వాత 'సుడో కప్స్‌ఎనేబుల్', పక్కన అదే పేరు. చాలావరకు అక్కడితో పనైపోతుంది.

అప్పటికీ కదలకపోతే 'కప్స్‌సీటీఎల్ --డీబగ్-లాగింగ్' (కప్స్ ఏం చేస్తోందో వివరంగా రాసిపెట్టే కమాండ్) పెట్టి, ఒక్క పేజీ పంపి, 'వార్/లాగ్/కప్స్' ఫోల్డర్‌లోని ఎర్రర్ లాగ్‌లో చివరి లైన్లు చదవండి. 'ఫిల్టర్ ఫెయిల్డ్' (ఫైలును ప్రింటర్‌కు అర్థమయ్యేలా మార్చే మెట్టు దెబ్బతింది) అని ఉంటే అప్పుడు డ్రైవర్ సంగతి చూడొచ్చు.